మోకాట్లో పీత

ముత్యాలరాజు కబుర్లు మొదలెడితే అల్లవరం చెరువుల్లో రొయ్యలు కూడా మేత మానేసి వింటాయని పేరు. ఒకసారి ఆయన గాలానికి పడ్డ పండుగప్ప పడవని మూడు మైళ్ళు లాక్కెళ్ళి, అలిసిపోయి, పడవెక్కి కూర్చుని బీడీ అడిగిందట. చెప్పింది ఆయనే కాబట్టి నిజమే అయ్యుండాలి.

అలాంటి మనిషికి ఆ ఉదయం చెరువుగట్టు మీద నోరెండిపోయింది.

మబ్బు పట్టిన పొద్దు. మేత చూసుకునే చెక్‌ట్రే పైకి లాగి, ఒక్కో రొయ్యనీ సెల్‌ఫోను లైటు మీద పెట్టి చూస్తున్నాడు. పేగు నిండిందా, పెంకు మీద తెల్లమచ్చ పడిందా అని రోజూ చూసేదే. లక్ష రొయ్యల్లో ఒక్కదానికి జబ్బు చేసినా ఆయన కన్ను దాటిపోదు. పక్కనే ఏడేళ్ళ మనవరాలు అమ్ములు, బడికి సెలవని వచ్చి కూర్చుంది.

“నువ్వేం తిన్నావే? పేగులో ఇడ్లీలు కనపడతాయేమో చూద్దాం,” అంటూ సరదాకి లైటు దాని మొహం మీదకి తిప్పేడు.

పిల్ల కిలకిలా నవ్వింది. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

కుడికంట్లో నల్లపాప వెలుగుకి ముడుచుకుని ఆవగింజంత అయింది. ఎడమది కదల్లేదు. గుండ్రంగానూ లేదు. చీమలు కొరికిన పూరేకులా అంచులన్నీ వంకరటింకర. చుట్టూ తెల్లగుడ్డు మాత్రం కడిగినట్టుంది. ఎరుపు లేదు, పుసి లేదు, చుక్క నీరు లేదు.

చేతిలో రొయ్య జారిపోయింది. తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని దాని కుడికన్ను మూసేడు.

“ఎన్ని వేళ్ళే?”

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

“ఆటలొద్దు, చెప్పమ్మా.”

“చెప్పకూడదుగా తాతా.”

“ఎవరన్నారే?”

“నువ్వే! మోకాట్లో పీత దూరిందన్నావు. ఎవరికైనా చెబితే కంట్లోకెక్కుతుందన్నావు. నేను టీచరుగారికి చెప్పేసేను. ఎక్కేసింది.” గొంతు తగ్గించింది. “అంతా పొగమంచులా ఉంది. ఈ కంటికి నువ్వు లేవు తాతా.”

రెండు నెలల కిందటి మాట. పిల్ల మోకాలు వాచి కుంటుతుంటే నవ్వించడానికన్నాడు. పొద్దున్న కుంటేది, మధ్యాహ్నానికి గెంతేది. వావిలాకు కాపడం పెట్టి ఊరుకున్నారు.

అమలాపురం కంటాసుపత్రికి పోయే ఆటోలో కూతురు వీరదుర్గ పిల్లని ఒళ్ళో అదిమి పట్టుకుంది. “ఏదైనా చెప్పు నాన్నా. ఎప్పుడూ ఆపవుగా, ఇవాళేమైంది?”

ఆయన కుడికన్ను ఒక్కటే తెరిచి, అరచెయ్యి ఎడమకంటికి అడ్డం పెట్టుకుని కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నాడు. చెయ్యి తీసేడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

కంటి డాక్టరమ్మ అమ్ములు గడ్డం యంత్రానికి ఆనించి చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది. “పాపకి మోకాలు గాని ఎప్పుడైనా వాచిందాండీ?”

ముత్యాలరాజు కూతురి వైపు చూసేడు. పీత సంగతి ఈవిడకెవరు చెప్పేరు?

“ఆయ్,” అన్నాడు.

“కీళ్ళవాపున్న పిల్లల్లో కొందరికి కంటిలోపలా వాపొస్తుందండీ. నొప్పుండదు, ఎర్రబడదు. కంటిపాప లోపల అతుక్కుపోయింది. కాస్త ముందు తెచ్చుంటే...” మాట మార్చేసింది. “గంటగంటకీ చుక్కలు వెయ్యాలి. రక్తపరీక్షలు చేయించాలి. కుడికంట్లో కూడా ఇప్పుడే మొదలైంది.”

“చూపు?” అంది వీరదుర్గ.

“కుడిది నిలబెట్టుకుందామండీ. ఎడమది మందు పడ్డాకే చెప్పగలను.”

మొదటి చుక్క వెయ్యబోతే అమ్ములు కళ్ళు గట్టిగా బిగించేసింది. నర్సు వల్ల కాలేదు, తల్లి వల్ల కాలేదు. ముత్యాలరాజు బల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడి, దాని చెవిలో చెప్పేడు.

“కళ్ళు తెరువమ్మా. పీతా లేదు, గీతా లేదు. తాత అబద్ధమాడేడు.”

“కాదు. డాక్టరమ్మ కూడా మోకాలే అడిగింది.”

“నీ మీదొట్టు. లేదే తల్లీ.”

పిల్ల కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, తడుముకుని, ఆయన మీసం పట్టుకుంది.

“లేకపోతే మరెందుకు తాతా, పీతకి వినపడకుండా అంత మెల్లగా మాట్లాడుతున్నావు?”