ఈశ్వరమ్మ కింద పెట్టని గ్లాసు

ప్రయాణం ఉందంటే ఈశ్వరమ్మ ముందురోజు నుంచే నీళ్ళు తగ్గించేసేది. అది భర్త నారాయణప్ప పెట్టిన నియమం. ఆడమనిషి నీళ్ళు తాగితే దారిలో బండి ఆపాలి, చాటు వెతకాలి, ఆయనకు అదంతా చికాకు. తిరుపతి వెళ్ళినా, బెంగుళూరు వెళ్ళినా ఆమె నోరెండిపోయే ఇల్లు చేరేది. మూత్రపిండాల్లో రాళ్ళున్నాయి, నీళ్ళు బాగా తాగమని డాక్టరు చెప్పాక కూడా ఆయన మాట మారలేదు.

1999 చలికాలంలో ఇద్దరూ కదిరి నుంచి జీపులో హైదరాబాదు వచ్చారు. సైబర్ టవర్స్ లేచాక మణికొండ వైపు స్థలాలకు గిరాకీ పెరిగిందని ఆయన విన్నాడు. మాదాపూర్‌లో జీపు ఆపి, ఆమెను అందులోనే ఉండమని చెప్పి, ఆయన బ్రోకరు స్కూటరు వెనకెక్కి స్థలాలు చూడటానికి వెళ్ళిపోయాడు.

ఎండ ఎక్కింది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక చాయ్ దుకాణం. అక్కడినుంచి ఘాటైన అల్లం వాసన వస్తోంది. ఈశ్వరమ్మ కాసేపు ఓర్చుకుంది. తరవాత దిగి నేరుగా లోపలికి నడిచింది.

లోపలంతా మగవాళ్ళే. ఆమెను చూసి ఒకరిద్దరు సర్దుకుని కూర్చున్నారు. దుకాణం యజమాని అవద్ పాతబస్తీ పక్క బార్కస్ పేట మనిషి, ఏనాడో అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం కొలువులో చేరినవాళ్ళ వంశం.

"అమ్మా, ఆడోళ్ళకు ఎనక పర్దా ఉన్నది. ఆడ కూసోండ్రి," అన్నాడు మర్యాదగానే.

"ఈడ గాలి బాగుంది నాయనా. ఈడనే కూసుంటా."

అతను బల్ల తుడిచాడు. తమ ఇంట్లో కాచుకునే ఖిషర్ అని ఒకటుందని, కాఫీ గింజల పొట్టును అల్లంతో మరిగిస్తామని చెప్పి గ్లాసు తెచ్చాడు. చూడటానికి తేనెరంగు నీళ్ళు. మొదటి గుక్కకు గొంతు మండింది, వెనకాలే ఎండుద్రాక్షలాంటి తీపి తగిలింది. ఇలాంటిది ఆమె ఎన్నడూ ఎరగదు. ఇంకేమున్నాయని అడిగింది. పాలు లేకుండా నిమ్మరసం పిండిన సులేమానీ చాయ్ వచ్చింది. అదీ అయ్యాక పిస్తా పలుకులు చల్లిన గులాబీరంగు చాయ్ వచ్చింది.

అది సగంలో ఉండగా నారాయణప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"లెయ్. ఇన్ని తాగితే దారిలో ఎన్నిసార్లు ఆపల్ల?"

అందరూ చూస్తున్నారు. ఈశ్వరమ్మ గ్లాసు కింద పెట్టలేదు.

"ఎన్నిసార్లయితే అన్నిసార్లు ఆపండి. మీరు యాడ పడితే ఆడ దిగుతారు, నేనూ దిగుతా. ఇంక ఒళ్ళు ఎండబెట్టుకోని తిరిగేది నా వల్ల కాదు."

ఆయన విసురుగా బయటికి వెళ్ళి హారన్ మోగించాడు. ఆమె చివరి గుక్క దాకా నిదానంగా తాగింది. పర్దా వెనక బాత్‌రూమ్ ఉందని అవద్ చెబితే, వెళ్ళివచ్చి, అప్పుడు జీపెక్కింది.

షాద్‌నగర్ దాటాక ఆపమంది. ఆయన విననట్టు పోనిచ్చాడు. ఆమె తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. గొంతు పెంచలేదు.

"మీరు ఆపకుంటే నేను తలుపు తీస్తా."

జీపు ఆగింది. తుమ్మచెట్ల వెనక్కి తలెత్తుకునే వెళ్ళి వచ్చింది. ఏళ్ళ తరబడి మోసిన బరువేదో దించుకున్నట్టు హాయిగా అనిపించింది.

కర్నూలులో మళ్ళీ ఆపించింది. ఈసారి ఆయన మొదటి మాటకే ఆపాడు. ఆమె తనే హోటల్లోకి వెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి కిటికీలోంచి ఆయనకు అందించింది. ఆయన ముఖం అటు తిప్పుకునే అందుకున్నాడు.