ఇనప్పెట్టె పొట్టలో సవతి

నేను ఒక ఇనప ఓటుపెట్టెను. ట్రంకుపెట్టెలు చేసే మస్తాను సాహెబు నన్ను పెళ్లికూతురి పెట్టెగా మొదలుపెట్టాడు. బేరం కుదరక, నెత్తిన చీలిక కోసి పెదరేవు మత్స్యకారుల సంఘానికి అంటగట్టాడు. చీరలు దాచాల్సిన కడుపులో చీటీలు దాచుకుంటూ బతికాను.

ఎన్నికల రోజు నా వైభవం చూడాలి! మూతికి లక్క, నడుముకు తాడు, పక్కన పోలీసు. పెళ్లికూతురికైనా అంత కాపలా ఉండదు.

ఈసారి నా బదులు ఓ ట్యాబు దిగింది. పలచగా, నున్నగా, ముట్టుకుంటే వెలుగుతూ! వెంట వచ్చిన ఆఫీసరమ్మ దాన్ని కొంగుతో తుడిచింది. నన్ను ఏనాడైనా ఎవరైనా తుడిచారా?

"ఇందులో ఓట్లు దాచే బ్లాక్‌చెయిన్ అంటే మీ వల లాంటిదే. ఓటుకు ఓటు ముడిపడుతూ పోతుంది. ఒక్క ముడి మార్చినా మిగతావన్నీ పట్టిచ్చేస్తాయి. ఆ వల నకళ్లు చాలాచోట్ల ఉంటాయి. ఎవరు ఎవరికి వేశారో మాత్రం తెలియదు" అందావిడ.

నాకు ఒళ్లు మండింది. నేను మాత్రం నిజాయతీగా లేనా? ఒకసారి నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లి, కాస్త లావు చేసి తెచ్చారు. అది నా తప్పా?

ఓట్లు మొదలయ్యాయి. అధ్యక్షుడు పోలయ్య ఓటేసేవాళ్ల వెనకే కుర్చీ వేసుకుని, నా మీద కాళ్లు చాపాడు. రేవులో చేపల వేలం ఆయనదే. ఆయన మొహం తిప్పుకుంటే ఆ ఇంటి చేప కుళ్లాల్సిందే. ఆయన మీద పోటీకి నిలబడింది ఎండుచేపలమ్మే నూకరత్నం. వచ్చినవాళ్లు తెరమీద వేలు పెట్టబోయి, ఆయన్ని చూసి వెనక్కి పోతున్నారు.

ఆఫీసరమ్మ జరగమంది.

"నా సంఘంలో నాను కూకున్నాను. మీకేటమ్మా?" అన్నాడు పోలయ్య.

భలే అయింది అనుకున్నాను. ఎన్ని ముడులు వేస్తేనేం, వెనకనుంచి చూసే రెండు కళ్లకు మందు లేదు!

నూకరత్నం చరచరా వచ్చింది. "కాళ్లు తియ్యి మావా."

"పాత డబ్బాతో నీకేటి పనే?"

"ఉందిలే. నువ్వు తియ్యి."

నన్ను బల్లమీద పడుకోబెట్టి, మూతను గొడుగులా పైకెత్తి కట్టి, ట్యాబును నా కడుపులో పెట్టింది. ఆఫీసరమ్మ సరేనంది. ఇక ఓటేయాలంటే నాలోకి తల వంచాల్సిందే. పోలయ్యకు వీపులు తప్ప ఏమీ కనబడవు.

సవతికి కడుపులో చోటిచ్చిన బాధ మీకేం తెలుసు? అయినా ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లూ నాకు చీటీలు తోసే వేళ్లే తెలుసు. ఆ రోజు మొహాలు చూశాను. బెదురుతూ లోపలికి వంగి, వేలితో నొక్కి, ఒక ముసలమ్మ నాలోనే చప్పుడు లేకుండా నవ్వుకుంది.

సాయంత్రం నూకరత్నం గెలిచింది. పోలయ్య నాలోకి తల దూర్చి వెతికాడు. "ఓట్లేవే ఇందులో?"

"నీకు అవుపడకూడదనే ఎట్టాం మావా!"

జనం గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే నా మూత ఆయన మెడమీద పడింది. కట్టు జారింది. అంతకుమించి నన్ను అడక్కండి.

తర్వాత నూకరత్నానికో దండ, ట్యాబుకో దండ వేసి ఫోటో తీశారు. అందులో నేను ఒక మూల తుప్పులా కనిపిస్తాను.

ఇప్పుడు దాన్ని నాలోనే పెట్టి తాళం వేస్తున్నారు. ఎలకలు రాకుండా, చెమ్మ తగలకుండా కాచుకుంటున్నాను. ప్రేమా దోమా ఏమీ లేదు. అది చెడిపోతే నన్నెవరు బయటికి తీస్తారు?