నలభయ్యో గుండుసూది

టైలరమ్మ డబ్బాలో నలభై గుండుసూదులుంటాయి. మిషను దగ్గర కూర్చునే ముందు ఓసారి లెక్కపెడుతుంది, లేచే ముందు మరోసారి. ఒకప్పుడు ఇంత చాదస్తం లేదు. రాలినవి రాలిపోయేవి. సాయంత్రం అయస్కాంతం తాడు పట్టుకుని గదంతా ఓ చుట్టు లాగితే అవే వచ్చి అంటుకునేవి. ఆ అయస్కాంతం ఆమె భర్త తెచ్చింది. ఫ్యాన్లు, స్పీకర్లు బాగుచేసే కొట్టు అతనిది. కూతురు బోర్లా పడ్డం నేర్చిన వారమే ఓ పాడైన స్పీకరు విప్పి, అరచేతి వెడల్పున్న అయస్కాంతం తీసి, తాడు కట్టి తెచ్చాడు. "నగలు తెమ్మంటావుగా, ఇదిగో, మెడలో వేసుకోకుండా నేల మీద వేసుకో," అన్నాడు.

ఇప్పుడా అయస్కాంతం పెరట్లో బాత్రూము గోడకి, మేకుకి వేలాడుతోంది. ఇంట్లోకి రాకూడదు.

ఏడు వారాల కిందట ఇదే గదిలో, బిడ్డని భుజాన వేసుకుని మిషను దగ్గర్నించి లేచిన టైలరమ్మ, లేచింది లేచినట్టే కుప్పకూలింది. బిడ్డ వెళ్ళి, కత్తిరించి పెట్టిన యూనిఫారం గుడ్డల కుప్ప మీద పడింది కాబట్టి బతికిపోయింది. రెండు జానల అవతల కత్తెర నోరు తెరుచుకుని ఉంది. గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మరిచిపోతోందన్నాడు డాక్టరు. ఎడమ భుజం కింద కోసి, గుండెని ఆగకుండా తట్టే అగ్గిపెట్టెంత పేస్‌మేకరు లోపల పెట్టి కుట్టేశాడు, అయస్కాంతం దాని దగ్గరికి రాకూడదన్నాడు. కట్టు విప్పినప్పుడు ఆ కుట్లు చూసుకుని, "నేనైతే ఇంకాస్త దగ్గర దగ్గరగా వేసేదాన్ని," అంది టైలరమ్మ. నర్సు కడుపుబ్బ నవ్వింది. టైలరమ్మ వేసిన ఆఖరి జోకు అదే.

ఇంటికొచ్చాక జోకులన్నీ అత్తగారే వేస్తోంది. కొడుకు కొట్టు నుంచి రాగానే గుమ్మంలోనే ఆపేది.

"ఒరేయ్, ఆ స్క్రూడ్రైవరు బయట పెట్టి రా."

"స్క్రూడ్రైవరుకేం కాదే అమ్మా. అయస్కాంతమైనా జానెడు దూరంలో ఉంటే చాలన్నారు."

"నీది ఫ్యాన్ల చదువు. మనిషిని విప్పి బిగించినప్పుడు మాట్లాడు."

ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదన్నారు, బరువు మొయ్యకూడదన్నారు. చెయ్యెత్తి తొడుక్కునే బట్టలు పనికిరావని భర్త పాత చొక్కాలే వేసుకుంది. బిడ్డని అత్తగారే ఎత్తుకుంది, అత్తగారే నీళ్ళు పోసింది, అత్తగారే నిద్రపుచ్చింది. పోయిన వారం పరీక్ష చేసి, అంతా బాగుంది, ఇక బిడ్డని ఎత్తుకో, నీ పని నువ్వు చేసుకో అన్నాడు డాక్టరు. టైలరమ్మ తలాడించి వచ్చేసింది. ఎత్తుకోలేదు.

ఎలా ఎత్తుకుంటుంది? పాతికేళ్ళు తనతో ఉన్న గుండే చెప్పాపెట్టకుండా మోసం చేసింది. నిన్నగాక మొన్నొచ్చిన పెట్టె మాటేమిటి? అది పని చేస్తోందో లేదో బయటికి తెలీదు. సూది విరిగితే చప్పుడైనా అవుతుంది. గంటకోసారి దవడ కింద రెండు వేళ్ళు పెట్టి చూసుకునేది. కొట్టుకుంటుంటే, ఇంకెంతసేపో అనుకునేది. వేళ్ళు సరిగా ఆనకపోతే ఆ రెండు క్షణాలూ మిషను అంచు పట్టేసుకునేది. ఆ పెట్టె మీద తోలు మొద్దుబారిపోయింది. అటువైపు ఒళ్ళు తనది కాదన్నట్టు చూసేదే కాదు, చెయ్యి వేసేదే కాదు. బిడ్డ మొదట్లో చేతులు చాచేది. రెండు వారాలు చాచి, ఆ తర్వాత మానేసింది. ఇప్పుడు నాయనమ్మ కొంగే దానికి లోకం. ఆ మానెయ్యడమే టైలరమ్మని ఎక్కువ తినేసింది.

ఆవేళ మధ్యాహ్నం అత్తగారు చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"అమ్మాయ్, మీ ఆడపడుచుకి నెలలు నిండాయి. రేపో మాపో నేను వెళ్ళాలి. అక్కడ దానికీ ఎవరూ లేరు."

"వెళ్ళండత్తయ్యా."

"వెళ్ళండంటే సరా? బిడ్డని ముట్టుకోని తల్లి చేతిలో బిడ్డని పెట్టి ఎలా వెళ్ళను? మందుల షాపు దాకా వెళ్ళొస్తా. అరగంట. నేనొచ్చేసరికి అది నీ చంకలో ఉండాలి. ఒక్కసారి ఎత్తుకున్నావంటే భయం అదే పోతుంది."

"అలాగే."

"అలాగే అని మొన్న కూడా అన్నావు."

అత్తగారు వెళ్ళాక టైలరమ్మ నిజంగానే ఎత్తుకుందామనుకుంది. కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. అలవాటు కొద్దీ, లేచే ముందు సూదులు లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిదే.

బిడ్డ గది మధ్యలో కూర్చుని ఏదో నములుతోంది.

టైలరమ్మ మోకాళ్ళ మీద పడి దాని నోట్లో వేలు పెట్టి తిప్పింది. దారం ముక్క. ఏడుస్తున్న నోట్లో మళ్ళీ చూసింది, నాలుక కింద చూసింది, గుప్పెళ్ళు విప్పి చూసింది. ఏమీ లేదు. మింగేసిందా? నేలంతా అరచేత్తో తడిమింది. మిషను కింద, కుప్ప కింద, తలుపు సందులో. లేదు. ఇక ఒకటే దారి. పెరట్లోకి వెళ్ళి, గజం బద్ద చివరతో అయస్కాంతం తాడుని మేకు నుంచి తప్పించి, దాన్ని పాముని మోసినట్టు మోసుకొచ్చింది. కుడిచేతిలో బద్ద, ఎడమ భుజం వెనక్కి తిప్పి, ఊపిరి బిగబట్టి గదంతా ఈడ్చింది. రెండు విరిగిన సూదులు, ఒక హుక్కు, ఒక తల పిన్ను వచ్చాయి. గుండుసూది రాలేదు.

బిడ్డకి ఇదంతా ఆటలా ఉంది. ఏడుపు మానేసి బద్ద వెంటే పాకింది. టైలరమ్మ పెదాలు కదుపుతూ, మూలలు లెక్కేసుకుంటూ ఉండగా బిడ్డ అయస్కాంతాన్ని రెండు చేతులా ఒడిసిపట్టుకుని, పొట్టకి అదుముకుని, నవ్వుతూ తల్లి వైపు తిరిగింది. ఏడు వారాల్లో మొదటిసారి అది తనంతట తను ఆమె దగ్గరికి వస్తోంది.

"వద్దమ్మా. అక్కడే ఉండు," అంది టైలరమ్మ.

అది ఉండలేదు. అయస్కాంతాన్ని ముందుకు తోస్తూ, వెనకే పాకుతూ వచ్చింది. టైలరమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకోటి వేసింది. జానెడు చాలన్న మాట గుర్తుంది, అయినా గది సరిపోలేదు. వీపు గోడకి తగిలింది. కన్నబిడ్డ నుంచి పారిపోయి గోడకి అంటుకున్నానని తెలిసి, నిలువునా సిగ్గుతో చచ్చిపోయింది. బద్దతో అయస్కాంతాన్ని ఒక్క తోపు తోసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి తలుపు మడత బందుకి ఠక్కున అంటుకుంది.

బిడ్డ బిత్తరపోయింది. గుక్కపట్టి ఏడుస్తూ రెండు చేతులూ పైకి చాచింది.

చాచడం మానేసిన చేతులు.

ఆ క్షణాన టైలరమ్మకి పెట్టె లేదు, గుండె లేదు, డాక్టరు లేడు. వంగింది. బిడ్డ తల ఎప్పుడూ ఎడమ భుజానే పెట్టుకునేది కదా అని, ఒంటి మీది చొక్కా ముడతలు సవరించడానికి కుడిచెయ్యి అటు వేసింది.

వేలికి చిన్న గుండు తగిలింది.

నలభయ్యో సూది. పెట్టె మీద, చొక్కాకి గుచ్చి ఉంది. సగం గుడ్డలో, మొన బయటికి. పెళ్ళికి ముందు నుంచీ పని హడావిడిలో సూదులు ఎడమ భుజానికి గుచ్చుకోవడం ఆమె అలవాటు. వద్దనుకుని ఏడు వారాలు మానేసిన అలవాటు. ఆవేళ ఏ చొక్కా అంచు మడుస్తుండగానో చెయ్యి తన పని తను చేసుకుపోయింది. మొద్దుబారిన తోలుకి తెలియలేదు. ఎత్తుకుని ఉంటే బిడ్డ చెంప సరిగ్గా అక్కడే పడేది. కన్నే పడేదేమో.

సూది తీసి డబ్బాలో వేసింది. ఆ తర్వాత, ఎత్తుకోకుండానే, బిడ్డకి రెండు మూరల దూరంలో కూలబడి, కొలతల టేపు విసిరింది. అది కాసేపు ఏడ్చి, టేపు పట్టుకుని ఆడుకుంది. టైలరమ్మ అయస్కాంతాన్ని బద్దతో లాగి మళ్ళీ మేకుకి తగిలించి వచ్చింది. చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో ఆమెకే తెలీదు.

అత్తగారు వస్తూనే బిడ్డ ముఖం చూసింది.

"ఏడ్చినట్టుందే?"

"కొంచెం."

"ఎత్తుకున్నావా?"

సూది సంగతి చెప్తే మిషను కూడా పెరట్లోకి వెళ్తుంది. ఆడపడుచు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి ఇక్కడే ఉండిపోతుంది. అంతకంటే పెద్దది ఇంకోటుంది. చెప్పాలంటే గోడ దాకా వెనక్కి నడిచింది కూడా చెప్పాలి.

"ఎత్తుకున్నానత్తయ్యా."

"మరి నాకెందుకు చెప్పవు? నేనేమన్నా దిష్టి పెడతానా?" అత్తగారి ముఖం వికసించింది. బిడ్డ ఆమె మీదికి ఎగబాకి భుజాన తల పెట్టేసింది. "చూశావా, ఉత్త భయం. ఇంక నాకు బెంగ లేదు. రేపు పొద్దున్న బస్సుకే వెళ్తాను. ఇదిగో, ఈ సంచి పిడి ఊడొచ్చింది. రెండు కుట్లు వేసిపెట్టు."

టైలరమ్మ సంచి అందుకుంది. గుడ్డ మందంగా ఉంది, గుండుసూదులు పెట్టి గానీ కుట్టలేరు. నాలుగు తీసి గుచ్చింది. డబ్బాలో ముప్ఫై ఆరు మిగిలాయని పైకే లెక్కపెట్టింది. కుట్టు ఊడిపోయి ప్రయాణం ఆగితే బాగుండునని ఉంది గానీ, చేతులకి వదులుగా కుట్టడం రాదు. రెండు కుట్లు చాలన్న చోట నాలుగు వేసింది.