అత్తగారి బరువు

లుబ్నీ ఊరి బజారులో ఉల్లిపాయల కొట్టు పెట్టిన రోజున ఓరిస్యా చేతిలో ఉన్నవి ఒక పాత ఇనుప తక్కెడ, చక్రం ఊగే ఒక తోపుడుబండి, ఒక నడుము. తక్కెడ తుప్పు పట్టింది. బండి మారింది. నడుము మాత్రం అదే. తన వ్యాపారానికి అసలు పెట్టుబడి అదేనని ఆమెకు తెలుసు. ఇంట్లో మాత్రం దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పొద్దున్నే బస్తాలు దించేముందు అత్తగారిని లేపాలి. పక్షవాతం వచ్చాక స్తెఫానియా తనంతట తాను మంచం దిగలేదు. తిండి మీద ఆశ చావలేదు కాబట్టి ఒళ్ళు బరువెక్కింది. ఓరిస్యా ఆమె చంకల కింద చేతులు పోనిచ్చి, ఆమె వీపును తన రొమ్ముకు ఆనించుకుని, మోకాళ్ళ మీద బలం మోపి కుర్చీలోకి మార్చేది. మధ్యాహ్నం వచ్చి మళ్ళీ మంచం మీదికి. “నీ చేతులు ఉల్లి కంపే, అమ్మాయ్,” అనేది అత్తగారు, ఆ చేతుల్లో ఉండగానే. భర్త మిరోన్‌కి రైల్వే షెడ్డులో పని, దానివల్లే సైన్యం నుంచి మినహాయింపు. తల్లిని లేపే వేళకి అతనికి సిగరెట్ గుర్తొచ్చేది. “నాకు అలవాటు లేదు, పడేస్తానేమో,” అనేవాడు. అలవాటు తనకెలా అయిందో ఓరిస్యా అడగలేదు.

యుద్ధం ముదిరి బజారులో మగవాళ్ళ కొట్లు ఒక్కొక్కటీ మూతబడుతుంటే, తాను పదాతి దళంలో చేరతానంది.

“నీకు తుపాకీ ఎవరిస్తారు, గరిటె ఇస్తారు,” అన్నాడు మిరోన్. “ఆడదాని నడుముకి అంత బరువు ఆగుతుందా?”

కోడలి చేతుల్లో, మంచానికీ కుర్చీకీ మధ్య వేలాడుతూ అత్తగారు కూడా వంత పాడింది. “అవునే. ఆడదాని నడుము పింగాణీ.”

ఓరిస్యా ఆమెను మెల్లగా కుర్చీలో దించి, వీపు వెనక దిండు సర్దింది. పగలు చూసుకోవడానికి పొరుగావిడను మాట్లాడి, “లేపడం మాత్రం నీదే,” అని మొగుడికి చెప్పి వెళ్ళి చేరిపోయింది.

శిక్షణలో అందరికీ ఒక మారుపేరు పడుతుంది. ఈమెకు ‘ఉల్లిగడ్డ’ అని పడింది. సార్జెంటుకి నలభై దాటాయి గనక అతను అందరికీ ‘తాత’. గాయపడినవాణ్ణి పొలానికి అడ్డంగా కందకం దాకా లాగాలి, అదీ పరీక్ష. తప్పితే వంటశాలకు పంపుతారు. వంటింట్లోంచి ఇంత దూరం వచ్చి మళ్ళీ వంటింటికేనా అనుకుంది. పైగా పొద్దున మిరోన్ ఫోన్ చేశాడు. “తప్పితే తప్పావులే. వంటశాల పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. వచ్చెయ్.”

పరీక్ష ఆమె ఒక్కదానికే అని పొలంలోకి వెళ్ళాక తెలిసింది. సైన్యంలోకి రమ్మని ఆదేశాలొచ్చి చేరిన మగవాళ్ళను వచ్చినవాణ్ణి వచ్చినట్టు తీసుకున్నారు. వాళ్ళలో ఆయాసం ఉన్నవాళ్ళున్నారు, మోకాళ్ళు అరిగినవాళ్ళున్నారు.

“ఆడవాళ్ళకి మనిషి బదులు లాగడానికి తేలిక బొమ్మ ఉందమ్మాయ్,” అన్నాడు తాత, మంచితనంగానే.

“దెబ్బ తగిలేవాడు తేలికవుతాడా, తాతా? మనిషినే పడుకోబెట్టండి.”

దళంలోకెల్లా లావుపాటి హోర్దీ కవచంతో సహా బురదలో వెల్లకిలా పడుకున్నాడు. “అక్కా, నేను ఉల్లిబస్తాని కాదు, మెల్లగా,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కవచం పట్టీ పట్టుకుని మగవాళ్ళు చూపించినట్టే లాగింది. కాస్త దూరం పోగానే, తన కాలికి పెద్దవైన మగవాళ్ళ బూట్లు జారి కూలబడింది. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వినిపించింది.

బురదలో కూర్చుని ఆలోచించింది. ఈ బరువు తనకు కొత్తా? రోజూ ఎత్తిందే. కాకపోతే దాన్ని అక్కడ బరువనలేదు, కోడలితనం అన్నారు. అక్కడ ఎత్తితే మెచ్చుకోలు లేదు, ఇక్కడ ఎత్తకపోతే చోటు లేదు. సరుకు ఒక్కటే, ధర మాత్రం బజారును బట్టి.

లేచింది. హోర్దీ చంకల కింద చేతులు పోనిచ్చి, వీపును రొమ్ముకు ఆనించుకుని, మోకాళ్ళు వంచింది. వెనక్కి వెనక్కి, ఆగి ఊపిరి తీసుకుంటూ, కందకం దాకా చేర్చింది. అప్పటికి నవ్వు ఆగిపోయింది.

“సరే, నువ్వు మాతోనే,” అన్నాడు తాత.

“ఇప్పుడు వీళ్ళని కూడా చూడండి.”

“ఏంటమ్మాయ్?”

“రేపు నేను పడితే నన్ను లాగేది వీళ్ళేగా. తక్కెడ పెట్టాక అందరినీ తూచాలి. నాకోసం తేలిక రాళ్ళు వద్దు, వాళ్ళకోసం తక్కెడ దాచనూ వద్దు.”

గొణుగుడు లేచింది. తాత ఆమె బూట్ల వంక చూశాడు, తర్వాత వరసగా నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. “హోర్దీ, లే. నువ్వే మొదలు.”

హోర్దీకి సగం దారిలోనే ఊపిరి అందలేదు. అతని వెనక మరికొందరూ ఆగిపోయారు. తాత వాళ్ళను వంటశాలకు పంపలేదు. “నేర్చుకుంటారు,” అన్నాడు. మగవాళ్ళకు దొరికే ఆ గడువును ఓరిస్యా గమనించింది, మనసులో ఒక పక్కన రాసుకుంది. అప్పటినుంచి పొద్దునపూట అందరికీ అదే సాధన అయింది. ఎలా పట్టుకోవాలో హోర్దీ ఆమెనే అడిగాడు.

సాయంత్రం మిరోన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఇంటికెప్పుడొస్తున్నావని అడగలేదు. గొంతు తగ్గింది.

“అమ్మని కుర్చీలోకి మార్చలేకపోతున్నా. నడుం పట్టేసింది. నువ్వు పట్టుకుంటే నొప్పి ఉండదంటుంది. ఎలా పట్టేదానివి?”

వెనకనుంచి స్తెఫానియా గొంతు వినబడింది. “చంకల కింద అని చెప్పవే, అమ్మాయ్. వీడు భుజాలు పీకేస్తున్నాడు.”

ఓరిస్యా నిదానంగా, ఒక్కొక్క మెట్టూ చెప్పింది. అతను ఫోన్ మంచం మీద పడేశాడు. మూలుగు, కుర్చీ చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు అతని రొప్పు.

“ఇంత బరువా,” అన్నాడు మిరోన్.

ఓరిస్యా లెక్క చూసుకుంది: కొట్టు మూతబడింది, బూట్లు ఇంకా పెద్దవే, బతికి తిరిగొస్తానన్న హామీ లేదు. మిగిలింది ఆ ఒక్క మాట. అది రాబడిలోకే వేసుకుంది.