వద్దన్నవాళ్ల గడి

బీడీ చుట్టే తునికాకు మీద కొలత రేకు పెట్టి, దాని చుట్టూ కత్తెరతో కోస్తోంది గంగవ్వ. తడి గోనెసంచిలో నానిన ఆకు మెత్తగా తెగుతోంది. రోజూ అయితే ఈపాటికి రెండు గ్లాసుల చాయ్ కడుపులో పడేది. షుగర్ సర్వే ఉంది, పరగడుపున ఉండండని నిన్న ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. వాడలో పదిమందికి షుగర్ తేలితే నెలనెలా గోలీల క్యాంపు ఇక్కడికే వస్తుందని కూడా చెప్పారు. అందుకే నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నీళ్లు మాత్రం చెంబులకు చెంబులు తాగింది. ఈమధ్య ఆమెకు ఎంత తాగినా దూప తీరడం లేదు.

పక్కింటి రాజవ్వకు కాలివేళ్లు రెండు తీసేశాక గానీ కోరుట్లలోని ఆ బీడీల వాడకు షుగర్ అంటే ఏమిటో తెలియలేదు. అంతవరకూ అది కుర్చీలో కూర్చుని తినేవాళ్ల జబ్బనుకున్నారు.

ఆ రాజవ్వే కుంటుకుంటూ ముందు వచ్చింది. "గంగవ్వా, సూదోళ్లు అచ్చిండ్రే!"

వెనకే ఫారాల కట్టతో దేవేందర్ వచ్చాడు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో సర్కారు ఆఫీసులకు తాళాలు పడ్డా, సర్వేను కాంట్రాక్టు వాళ్లతో నడిపిస్తున్నారు. అతను జగిత్యాల నుంచి జీపులో వచ్చిన సూపర్‌వైజరు. సూదుల పెట్టె పట్టుకున్న పిల్ల పేరు సౌమ్య. కోనరావుపేట పిల్ల. మాట తక్కువ.

"జల్ది కానియ్ సౌమ్యా. పదింటికి చౌరస్తల రాస్తారోకో అట. జీపు ఇరుక్కుంటది."

"ఎందుకు ఇరుక్కోదు సారు?" అంది గంగవ్వ చాట పక్కకు జరుపుతూ. "అడ్డం కూసునేటోళ్లల్ల ముందుగాల్ల నేనే ఉంట."

రాజవ్వ కిసుక్కున నవ్వింది.

సౌమ్య గంగవ్వ వేలు పట్టుకుని గుచ్చింది. తెల్లటి చుక్క పడింది గానీ నెత్తురు రాలేదు. ఇంకో వేలు గుచ్చింది. రాలేదు. ముప్పై ఏళ్లు బీడీ మూతులు మడిచి మడిచి ఆ వేళ్ల కొసలు చెప్పు అడుగులా తయారయ్యాయి. మూడోసారి గుచ్చేలోగానే దేవేందర్ ఫారం మీద టిక్కు కొట్టాడు.

"నడువ్. ఇగ అయిపోయింది."

"ఏమయింది సారు? నెత్తురే సూడకపోతిరి. ఏం రాసినవ్?"

"రాసేది రాసిన."

గంగవ్వ సౌమ్య వైపు తిరిగింది. "నువ్వు సదువు బిడ్డా."

సౌమ్య కాగితం చూసి తలదించుకుంది. "నిరాకరించారు, అని ఉంది."

"అంటె?"

"నువ్వు వద్దన్నవని, పెద్దమ్మా."

"నేనా!"

"ఫారంల రెండే గడులున్నయి," అన్నాడు దేవేందర్. "నెత్తురిస్తే నంబరు, లేకుంటే గిది. మూడోది లేదు. నన్నేం జెయ్యమంటవ్?"

"నాకొక్కదానికేనా, అందరికా?"

సౌమ్య కట్ట తిప్పింది. ఇంతకుముందు తిరిగినవి పదిహేడు ఇళ్లు. అన్నీ బీడీలు చుట్టేవే. అన్నింటికీ అదే గడిలో టిక్కు.

"అంటె మా వాడల షుగరే లేదన్నట్టు. క్యాంపూ లేదన్నట్టు." గంగవ్వ లేచి నిలబడింది. "సారూ, మేం వద్దంటె ఎట్లుంటదో నీకెరుకేనా? తెలంగాణ ఇయ్యకుంట కమిటీలు ఏస్తమంటె వద్దన్నం. ఊరంత ఇనేటట్టు, రోడ్డు మీద కూసోని వద్దన్నం. గీ సూదిని ఎవలు వద్దన్నరు? పొద్దటిసంది చాయ్ సుక్క తాగకుంట కూసున్న!"

చెవి కమ్మ తీసి రాజవ్వ చేతిలో పెట్టింది. చీర కొంగుతో చెవి తమ్మెను ఎర్రబడేదాకా రుద్దింది.

"గీడ గుచ్చు బిడ్డా. ఈ చెవితోని బీడీలు చుట్టలే."

"చెవికి గుచ్చుడేంది? గట్ల రూలు లేదు," అన్నాడు దేవేందర్.

"ట్రైనింగుల చెప్పిండ్రు సార్. వేలికి రాకుంటే చెవి గుడ నడుస్తదని," అంది సౌమ్య.

గుచ్చగానే నెత్తురు చుక్క ఉబికింది. మిషన్ మీద అంకె వెలిగింది. రెండువందల ఎనభై ఆరు.

"అవ్వో!" అని రాజవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గంగవ్వ గోడ పట్టుకుంది గానీ కూర్చోలేదు.

"రాయి సారు."

"నీది రాస్త తియ్. పదిహేడు ఇండ్లు మల్ల తిరుగుడంటె నాతోని కాదు. తొవ్వ బందయితది."

"బందువెట్టేదే మేము," అంది గంగవ్వ. "ఆ ఇండ్లన్ని తిరిగినంక నీ జీపుకు నేనే తొవ్వ ఇడిపిస్త. తిరగకుంట పోయినవో, తెలంగాణ వచ్చేదాంక గది చౌరస్తలనే ఉంటది."

దేవేందర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "సౌమ్యా, నడువ్. జీపెక్కు."

సౌమ్య సూదుల పెట్టె మూసింది. గంగవ్వ పేరున్న ఫారంలో టిక్కును తనే కొట్టేసి, పక్క గడిలో అంకె వేసింది. మిగిలిన కట్టను చంకలో పెట్టుకుంది. గడప దాటి, జీపు ఉన్న వైపు కాకుండా మొదటి ఇంటి వైపు నడిచింది.