అప్పన్నకు దాచిన జుట్టు

ముందు నా తప్పు నేనే చెప్పేస్తాను. నా మేనకోడలు యమున జుట్టు కత్తిరించింది నేను. అంగన్‌వాడీలో రంగు కాగితాలు కత్తిరించే కత్తెరతో, పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి, ఈ చేతులతోనే కత్తిరించాను. ఆ నింద ఏడాదికి పైగా మా మరదలు గౌరి మోసింది. ఈ ఝాన్సీకి నోరు లేదా అంటే, భోగాపురం సంతలో నాతో బేరమాడి నెగ్గిన మనిషి లేడు. అవసరమైన రోజున మాత్రం ఆ నోరు ఏ గంగలో కలిసిందో తెలియదు.

మాది భోగాపురం దగ్గర చేపల పల్లె. మా తమ్ముడు నాగబాబు ఇక్కడి మగవాళ్ళందరిలాగే ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి, అక్కడి బోట్ల మీద పనిచేసి, ఏప్రిల్ చివర ఇల్లు చేరతాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లో ఉండేది మా అమ్మ లక్ష్మణమ్మ, గౌరి, పిల్ల. యమున కడుపులో పడ్డప్పుడే అమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. అయిదో ఏట కొండ మీద తలనీలాలిస్తామని, అందాకా పిల్ల తలకి కత్తెర తగలనివ్వమని. నాలుగో ఏటికే ఆ జుట్టు నడుము దాటింది.

రెండో కాన్పు పోయాక గౌరి ప్రార్థనకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చుంటే ఏడుపు ఆగుతోందని నాతో చెప్పింది. బొట్టు మానేసింది. అమ్మ సణిగింది, రెండు రోజులు అన్నం మానేసింది, మూడో రోజు తినేసింది. ఇల్లేమీ కూలిపోలేదు.

కిందటేడు ఏప్రిల్ ఎండలకి పిల్ల తల నిండా సెగగడ్డలు లేచాయి. చీము కారి జుట్టంతా అట్టకట్టింది. జుట్టు తీయకపోతే మందు పనిచేయదని ఆసుపత్రిలో డాక్టరమ్మ తేల్చేసింది. అమ్మేమో ఎచ్చెర్లలో మా పిన్ని ఇంట్లో ఉంది. గౌరి కత్తెర ముట్టుకోనంది.

"నాను సెయ్యెట్టను వదినా. మతం మారింది, మొక్కు సెరిపేసింది అంటారు."

"ఎవులంటారు? అన్నోళ్ళకి నాను సెప్తాను గానీ, నువ్వు పిల్లని పట్టుకో."

అంత గొప్పగా అన్నాను. నాలుగు రోజులకి అమ్మ వచ్చి, పిల్ల బోడితల చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఓలమ్మో, అప్పన్న సొమ్ము! ఎవులే ఇంత పని సేసినారు?"

అడుగుతున్నది నన్ను కాదు, గౌరిని. గౌరి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మ కోపం చల్లారనీ, రేపు చెబుదాం అనుకున్నాను. వారం తిరక్కుండా నాగబాబు దిగాడు. మార్చిలో వాళ్ళ బోటు ఇంజను ఆగిపోయి రెండు రోజులు నడిసముద్రంలో ఉండిపోయారట. మొక్కు చెడబట్టే అలా అయిందన్నాడు. ఒరే, జుట్టు పోయింది ఏప్రిల్లో కదరా అని అడిగే బుద్ధి కూడా నాకు పుట్టలేదు. "నీ సేతి కూడు తిన్ను" అని వాడు కంచం తోసేశాడు. మర్నాడు గౌరి పిల్లనెత్తుకుని గజపతినగరం పోయి, గది అద్దెకు తీసుకుని, కుట్టుమిషను పెట్టుకుంది. వీడు పిల్ల కోసం కోర్టుకెక్కాడు.

నన్ను సాక్షిగా రాయించింది వీడి ప్లీడరు నారాయణమూర్తిగారే. "అంగన్‌వాడీ టీచరువి, నీ మాటకి విలువుంటుందమ్మా. మార్చిలో జుట్టుంది, మేలో లేదు. అంతే చెప్పు" అన్నారు.

కోర్టులో ముందు గౌరి వంతు వచ్చింది. జడ్జిగారు అరవలేదు, కసరలేదు. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మెత్తగా అడిగారు. బొట్టెందుకు లేదమ్మా? ఆదివారం పిల్లని ఎక్కడికి తీసుకెళ్తావు? పిల్లకి పేరు మార్చారా? పండక్కి గుడికి పంపుతావా? పిల్ల ఏం తింటోంది, జ్వరమొస్తే ఎవరు మేలుకుంటున్నారు అన్న మాటే లేదు. నేను అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూచే మనిషిని. బరువెంతో అడక్కుండా పిల్ల బాగోగులు ఎలా తేలుస్తారో నాకర్థం కాలేదు.

గౌరి తరఫు ప్లీడరమ్మ అరుణశ్రీ లేచి, తండ్రి ఎనిమిది నెలలు వెరావల్‌లో ఉంటాడు, పిల్లకి స్నానం ఎవరు పోస్తారని అడిగింది.

"నాన్నమ్మ ఉంది కదా" అన్నారు జడ్జిగారు. పిల్లని నేను చూసుకుంటానని అమ్మ వేలిముద్ర వేసిన కాగితం ఆయన ముందే ఉంది.

అప్పుడు గౌరి సంచిలోంచి పసుపుగుడ్డ మూట తీసింది. కత్తిరించిన జుట్టంతా ముడుపు కట్టి దాచింది. నాకే తెలియదు ఆ సంగతి. ఆ రోజు నేను చేతులు కడుక్కుని మా ఇంటికి పోయాను, జుట్టేమైందని అడగలేదు.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నీకు నమ్మకం లేదు కదమ్మా. మరెందుకు దాచావు? కోర్టుకి చూపించడానికా?"

"మొక్కు మా అత్తదండి. ఎవుల సొమ్ము ఆలకే ఇయ్యాల."

ఆయన నవ్వి, ఏదో రాసుకున్నారు. పారేసి ఉంటే దేవుణ్ణి తూలనాడింది అనేవాళ్ళు, దాస్తే నాటకమాడింది అంటున్నారు. ఇంక ఏం చేసి బతకాలి గౌరి?

నా వంతు రాగానే అన్నాను: "జుట్టు కత్తిరించింది నేనండి. గౌరి వద్దంది. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని, శనివారం ఒంటిపూట ఉంటాను. నేను కత్తిరిస్తే గడ్డలు తగ్గడానికి, గౌరి కత్తిరిస్తే మతం కోసమా?"

నాగబాబు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జడ్జిగారు మాత్రం కొంచెం కూడా చలించలేదు.

"అడిగినదానికే చెప్పమ్మా. మార్చిలో జుట్టు ఉందా?"

"ఉందండి."

"మేలో?"

"లేదండి."

"చాలు, దిగు." సాక్షికి తల్లి మీద జాలి ఎక్కువని రాయించారు.

ఆగస్టులో తీర్పొచ్చింది. పుట్టిన ఇంటి ఆచారాల మధ్య పెరగడమే పిల్లకి మేలట. తండ్రికి అప్పగించి, నాన్నమ్మ సంరక్షణలో ఉంచమన్నారు. తల్లికి నెలకో ఆదివారం ఇచ్చారు. ఆ ఆదివారం కూడా ప్రార్థనకి తీసుకెళ్ళకూడదు. నాగబాబు నాలుగో రోజునే వెరావల్ రైలెక్కాడు. గెలిచినవాడు గెలిచిన పిల్లని ఎత్తుకోనైనా లేదు.

పిల్లని తేవడానికి నేనూ అమ్మా గజపతినగరం వెళ్ళాం. కోర్టులో నేను నిజం చెప్పిన నాటినుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. బస్సులో కూడా వేరే సీట్లో కూర్చుంది.

గౌరి పిల్ల బట్టలు మడతపెట్టి సంచిలో సర్ది ఉంచింది. దగ్గు మందు, ఏ పూట ఎంత పోయాలో రాసిన చీటీ. యమున జుట్టు మళ్ళీ భుజాలదాకా పెరిగింది. నూనె రాసి రెండు పిలకలు వేసి ఉంది. గౌరి ఏడవలేదు. పసుపుగుడ్డ మూట తెచ్చి రెండు చేతులతో అమ్మకిచ్చింది.

"అయిదో ఏడొచ్చింది కదత్తా. కొండకెల్లినప్పుడు ఇదీ ఇచ్చీ."

అమ్మ మూట అందుకుని తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. బొటనవేలితో గుడ్డ రాసి, వేలికంటిన పసుపు చూసుకుంది.

"ఏడాది దాటిన ముడుపు ఇంత పచ్చగా ఉండదు. ఇదేటే?"

"వానలకి బూజడతాదని రెండుసార్లు ఎండెట్టినాను. మల్లీ పసుపు రాసి కట్టినాను."

అమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. మూట ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది: "నీ నోట్లో ఏటెట్టుకున్నావే ఏడాది?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ తీర్పు కాయితంలో పిల్ల ఎవుల కాడ ఉండాలని రాసినారు?"

"నీ కాడే అమ్మా."

"నానెక్కడుండాలో రాసినారా?"

నేను సంచిలోంచి కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా లేదు. అలా చెప్పాను.

"అయితే ఆ సంచి విప్పేయే గౌరీ. నా కోక తాడుమీదెయ్యి. రేపు ఆ ప్లీడరమ్మ కాడికి తీసుకెల్లు. పైకోర్టుకి ఏలిముద్ర కావాలంటే ఏస్తాను. ముందు ఏసింది ఈ ఏలే గదా."

గౌరి అప్పుడు ఏడ్చింది. నిలబడ్డ చోటే, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యమున ఎవరికీ పట్టనట్టు నాన్నమ్మ ఒళ్ళోకెక్కి ముడుపు మీద చెయ్యి వేసి ఆడుకుంటోంది.

అంతలో నాగబాబు నాకు ఫోను చేశాడు. వెనకాల బోటు ఇంజను చప్పుడు.

"అప్పా, పిల్ల వచ్చిందా?"

అమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "ఒరే, పిల్ల నా కాడే ఉన్నాది. నాను గౌరి కాడ ఉన్నాను. నువ్వు బేగి కూడు తినీసి ఏటకెల్లు."