మీపేరు గారు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినను నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నేను వెనక పీట వేసుకుని నోటుపుస్తకంతో కూర్చున్నాను. పక్కగదిలోంచి అన్నయ్య గురక వినిపిస్తోంది.

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇప్పుడు పరీక్షలు కూడా పెడతావా నాకు?" అంది వదిన.

"పరీక్ష నీకు కాదు వదినా, ఈ పేజీకి. నీకు తోచినట్టు చెయ్యి. అనుకున్నది పైకి అంటూ ఉండు. నేను మాత్రం మాట్లాడకూడదు."

"అదేమైనా నీకు కొత్తా?"

నిజమే. ఇంట్లో నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అంటారు.

ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో నేను ఒక ప్రోగ్రాం కోసం పనిచేస్తాను. చిన్న గ్రంథాలయాలు తమ పుస్తకాల జాబితా పెట్టుకోవడానికి పనికొస్తుంది. అది ఏ ఒక్కరిదీ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఎక్కడెక్కడి వాళ్లమో, ఒకరి మొహం ఒకరం చూడకుండానే కలిసి పనిచేస్తాం. దాన్ని మొదలుపెట్టిన ఆయన్ని మాస్టారు అంటాం. అక్కడ నా పేరు ఉడత. ఉడతాభక్తిగా చేసే పనే కదా అని పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. అడగలేదు, నేను చెప్పలేదు.

పోయిన వారం మాస్టారు మా అందరికీ ఒక ఉత్తరం రాశారు. "మన వెబ్‌సైటు గుమ్మం దాకా వచ్చినవాళ్లలో సగం మంది అట్నుంచి అటే వెళ్లిపోతున్నారు. మొదటి పేజీ కొత్తవాళ్లకి అర్థమయ్యేలా మార్చాలి. ఉడతా, అది నువ్వు రాసిన పేజీయే కదా. ఎవరినైనా కొత్తవాళ్లని కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నారో చూడు. సాయం చేయకు."

వదిన ఒక బళ్లో గ్రంథాలయం చూసుకుంటుంది. ఆమెకన్నా తగినవాళ్లు ఎవరనుకున్నాను.

పేజీ తెరుచుకుంది. వదిన చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఓహో, ఇదా," అంది.

నేను నోటుపుస్తకంలో 'ఇంతకుముందే చూసింది' అని రాసుకున్నాను.

"మూడు నెలల కిందట దీంతో కుస్తీపట్టాను. మా పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలన్నారు హెడ్మిస్ట్రెస్. చూడు, ఏం రాశారో. 'చాలా తేలిక. ఐదు నిమిషాల పని. కింద ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా పనిచేయదు.' కింద ఏముంది? 'కొత్తఖాతా మీపేరు.' ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నమస్కారం మీపేరు గారూ అంది. సరేలే, ఏదో మర్యాద అనుకున్నాను. రెండువందల పన్నెండు పుస్తకాలు ఎక్కించాక చూస్తే, ప్రతి పుస్తకం పక్కనా 'చేర్చినవారు: మీపేరు' అని ఉంది."

నా పెన్ను ఆగిపోయింది.

"ఇక్కడ ప్రశ్నలు అడిగే చోటుందిగా, అక్కడ అడిగాను. 'నా పేరు రావడం లేదండీ, మీపేరు అని వస్తోంది, ఎలా మార్చాలి' అని. ఉడత అని ఒకాయన ఉన్నాడు. ఆయన ఏమన్నాడో తెలుసా?"

తెలుసు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా తెలుసు. 'మీపేరు అంటే మీ పేరు అని. మా పేజీ చదవడం వచ్చినవాళ్ల కోసం రాశామండి.' దానికింద ముప్పైఎనిమిది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేను రెండు మూడుసార్లు వెళ్లి లెక్కపెట్టుకున్నాను కూడా. ఆ తర్వాత తెలియక అడిగినవాళ్లందరినీ మాలో మేము 'మీపేరు గారు' అనడం మొదలుపెట్టాం. 'ఇవాళ ఇద్దరు మీపేరు గార్లు వచ్చారు' అనుకునేవాళ్లం. మనుషుల ముందు నోరు పెగలని నాకు, మొహం కనపడని చోట అంత నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"చదవడం రాదన్నాడు," అంది వదిన. "పుస్తకాల మధ్య కూర్చునే దాన్ని. ఇంకేం అడుగుతాను? అలాగే ప్రింటు తీసి ఆఫీసులో ఇచ్చాను. మా గుమాస్తా ఆ కాగితం హెడ్మిస్ట్రెస్ దాకా వెళ్లనివ్వకుండా స్టాఫ్‌రూంలో అందరికీ చదివి వినిపించాడు. 'అమ్మా మీపేరు గారూ, మీ పేరేంటండీ' అంటాడు కనపడినప్పుడల్లా. నావల్ల కాదని హెడ్మిస్ట్రెస్‌కి చెప్పేశాను. సోమవారం నుంచి గ్రంథాలయం గుమాస్తా చూసుకుంటాడు. నన్ను స్టోరు గదికి వేశారు. చీపుర్లు, సుద్దముక్కల పెట్టెలు."

"ఇంట్లో చెప్పలేదే?"

"నువ్వు మాట్లాడకూడదన్నావు. చెప్పుకోవడానికి అదేమైనా ఘనకార్యమా? నిన్ను అడుగుదామనుకున్నాను. ఆడపడుచు దగ్గరికెళ్లి నాకు రాదమ్మా అని ఎలా అంటాను?"

మళ్లీ తెర వైపు తిరిగింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మాట్లాడకూడదన్న నియమం నేను పెట్టిందే, దాని వెనకే దాక్కున్నాను. అలా ఎంతసేపైనా కూర్చునేదాన్నే.

"ఈ ఉడత ఎవరో నీకేమైనా తెలుసా?" అంది వదిన. "మనిషి మంచివాడే అయ్యుంటాడులే. ఏ చిరాకులో ఉన్నాడో."

"నేనే వదినా."

అన్నయ్య గురక ఆగి, మళ్లీ మొదలైంది. వదిన లేచింది. కుర్చీని మెల్లగా బల్ల కిందకి జరిపింది.

"చదువుకున్నవాళ్లు మీరు," అంది. "మీకు తెలుస్తుంది లెండి."

పెళ్లయి వచ్చిన రోజు నుంచి నన్ను నువ్వనే పిలిచింది. తిట్టినా బాగుండేది. రాత్రి భోజనాల దగ్గర "మీకు ఇంకొంచెం వడ్డించమంటారా?" అంటే అన్నయ్య నవ్వాడు. "ఏంటి, మా చెల్లికి ప్రమోషన్ వచ్చిందా?" ఇద్దరం తల ఎత్తలేదు.

ఏడో తరగతిలో మా టీచరు బోర్డు మీద మాదిరి ఉత్తరం రాశారు. చివర్లో 'ఇట్లు, మీ విధేయురాలు' అని, దాని కింద పేరు రాయాల్సిన చోట మూడు ఇంటూ గుర్తులు పెట్టారు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. ఉన్నట్టే రాశాను, ఆ మూడు గుర్తులతో సహా. టీచరు నవ్వలేదు. నా పుస్తకంలో వాటి పక్కన పెన్సిల్‌తో నా పేరు రాసి, తర్వాతి పుస్తకం తీసుకున్నారు. క్లాసులో ఎవరికీ తెలియలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే కాబోలు. ఆ పెన్సిల్ రాతను నేను ఎలా మరిచిపోయాను?

ఆదివారం పొద్దున్న లేస్తూనే పేజీ మార్చాను. 'మీపేరు' తీసేశాను. అక్కడ 'మీ పేరేమిటి?' అన్న ప్రశ్న, దాని కింద ఖాళీ గడి పెట్టాను. తర్వాత పాత జవాబు దగ్గరికి వెళ్లాను. మా ప్రాజెక్టులో ఏదీ చెరిపేయడానికి లేదు. ఎవరు ఏ రోజున ఏం రాశారో తేదీతో సహా ఎప్పటికీ ఉంటుంది. కాబట్టి దాని కిందే రాశాను: 'తప్పు అడిగినావిడది కాదు, పేజీది. పేజీ నేను రాశాను. చదవడం రానిది నాకు.'

కొత్త పేజీ ప్రింటు తీసి, ఎర్ర పెన్సిల్‌తో సహా వంటింటి గట్టు మీద పెట్టాను.

"ఏంటివి?" అంది వదిన.

"దిద్దిపెట్టు వదినా. నీ పాత జాబితా ఇంకా ఉందా?"

"ఉంది. తీసేయడం కూడా రాలేదుగా మాకు."

తన ఖాతా తెరిపించి, ఒక్క చోట పేరు మార్చాను. రెండువందల పన్నెండు పుస్తకాల పక్కనా వదిన పేరు వచ్చింది. రెండు నిమిషాలు పట్టింది. మూడు నెలల కిందట చెప్పి ఉంటే కూడా రెండు నిమిషాలే పట్టేది. ఆ మాట వదిన అనలేదు. అనకపోవడం వల్ల ఇంకా చిన్నబోయాను.

ఆమె కాగితం అందుకుని నిలబడే చదివింది. పెన్సిల్ ఒక్కచోట ఆగింది. "ఈ 'చాలా తేలిక' అన్నది తియ్యి. కష్టమని చెప్పి ఉంటే, రానప్పుడు ఎవరినైనా అడుగుతారు. తేలికంటే, అడగడానికి సిగ్గేస్తుంది."

తియ్యి అంది. తియ్యండి అనలేదు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

సోమవారం సాయంత్రం వదిన బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే చెప్పింది. "జాబితా చూపించాను. హెడ్మిస్ట్రెస్ ఒక్కో పేజీ తిప్పి, ఇన్ని పుస్తకాలు నువ్వే ఎక్కించావా, మరి రాదన్నావేం అంది. ఎక్కించడం వచ్చండీ, పేరు రాసుకోవడమే రాలేదు అన్నాను. మిగతావి కూడా నన్నే పూర్తి చేయమంది. స్టోరు గది గుమాస్తాకే."

"వదినా, నేను..."

"ఇప్పుడేం మాట్లాడకు. నియమం నియమమే."

ఆ రాత్రి కొత్త పేజీ వెబ్‌సైటులో పెట్టడానికి సిద్ధం చేశాను. పేజీ చివర 'దిద్దినవారు' అని ఒక వరుస ఉంటుంది. వదినను అక్కడికి పిలిచి అడిగాను, నీ పేరు ఎలా రాయమంటావని.

తెర మీద ఆ వరుస చదివింది. నవ్వలేదు.

"మీపేరు అనే రాయి," అంది. "ఆ ముప్పైఎనిమిది మందీ చూడాలి."

రాశాను. ఉన్నది ఉన్నట్టు.